గండికోట లోయ అంచున నడకదారి: నిధుల పోటీలో నిలుస్తామా?

ప్రశ్న: గండికోట వద్ద పెన్నా లోయ అంచు వెంబడి నడకదారి ఏర్పాటు చేయించాలని మా జమ్మలమడుగు యువకులం భావిస్తున్నాము. దారి గుర్తులు, ప్రమాదకరమైన చోట్ల కంచె, తాగునీరు తప్ప మరేమీ కోరడం లేదు. 2024లో సాస్కి (రాష్ట్రాల మూలధన పెట్టుబడికి కేంద్రం ఇచ్చే ప్రత్యేక సాయం) పథకం కింద గండికోటకు రూ. 77.91 కోట్లు మంజూరైన తరువాత ఇంత చిన్న పనికి ఎవరైనా నిధులిస్తారా?

జవాబు 1: సాస్కి నిధులు కేంద్రం రాష్ట్రాలకు 50 ఏళ్ల గడువుతో ఇచ్చే వడ్డీ లేని రుణం కనుక, ప్రతిపాదన రాష్ట్ర ప్రభుత్వం నుంచే వెళ్లాలి, మీ సంఘం నేరుగా పోటీపడలేదు. మంజూరైన పనుల్లో ఈ దారి ఉందో లేదో కలెక్టరేట్‌లో ముందు కనుక్కోండి. ఉన్నదాన్నే మళ్లీ అడిగితే దస్త్రం తిరిగి వస్తుంది.

జవాబు 2: డబ్బు కంటే స్థలమే పెద్ద చిక్కు అని నా అభిప్రాయం. కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిర్మాణం నిషిద్ధం, ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. దారి అటవీ భూమిని తాకితే అటవీ శాఖ అనుమతి కూడా వేరుగా కావాలి. అందువల్ల అందమైన ఛాయాచిత్రాలకు బదులు (అవి అందరూ జతచేస్తారు) సర్వే నంబర్లతో కూడిన పటాన్ని జతచేయండి.

జవాబు 3: నిర్వహణ ఎవరిదో కూడా రాయండి. ముళ్లకంపలు తొలగించే బాధ్యతను స్వీకరిస్తూ పంచాయతీ చేసిన తీర్మానం దస్త్రంలో ఉండాలి.

ప్రశ్న వేసినవారు: ధన్యవాదాలండీ. సర్వేయరు గారిని కలిసి పటం సిద్ధం చేయిస్తాము.