జీనాన్ హెడ్‌లైట్ కనెక్టరు కాలింది, తిరుపతిలో ఎక్కడ దొరుకుతుంది?

అలిపిరి_డ్రైవ్:
నేరుగా దిగుమతైన 2012 జర్మన్ కారు. కుడి హెడ్‌లైటు వెలిగిన పది నిమిషాలకు ఆరిపోతోంది, ఆపి మళ్లీ వేస్తే వెలుగుతుంది. బల్బు డీ1ఎస్ రకం జీనాన్. బల్బులు అటూ ఇటూ మార్చి చూశా, లోపం కుడివైపే ఉంది. బ్యాలస్టుకు (బల్బును వెలిగించే కరెంటు డబ్బా) 12 వోల్టులు వచ్చే రెండు పిన్నుల కనెక్టరులో ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగింది. షోరూమువాళ్లు లైటు మొత్తం మార్చాలంటున్నారు. ఆటోనగర్‌లో అడిగితే మామూలు హాలోజెన్ బల్బుల హెచ్4 హోల్డరు చేతిలో పెడుతున్నారు.

వైరింగ్_చిత్తూరు:
లైటు మార్చే పని లేదన్నా. కనెక్టరును కారు పేరు చెప్పి అడిగితే దొరకదు, నంబరు చెప్పి అడగాలి. కనెక్టరు ప్లాస్టిక్ డొప్ప పక్కన సన్నగా అచ్చుపోసి ఉంటుంది, టార్చి వాల్చి చూడండి. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కారైతే నంబరు మధ్యలో ఎక్కువగా 973 గానీ 972 గానీ వస్తుంది. ఆ డొప్ప ఖాళీగానే వస్తుంది. పిన్నులకు 000 979తో మొదలయ్యే రిపేరు వైరు విడిగా కొనాలి. దానికి రెండు కొసలా టెర్మినల్ (లోహపు పిన్ను) ఉంటుంది, మధ్యకు కోస్తే మీ రెండు పిన్నులకూ సరిపోతుంది. కొనేముందు పాత పిన్ను వెడల్పు వెర్నియర్‌తో కొలవండి. 2.8 మి.మీ. చోట 1.5 పిన్ను పట్టదు.

కిటుకంతా పిన్ను పట్టులోనే ఉంది. నిలకడగా వెలిగేటప్పుడు బ్యాలస్టు తీసుకునేది మూడు, మూడున్నర ఆంపియర్లే. వెలిగించిన క్షణంలో అంతకంటే బాగా ఎక్కువ లాగుతుంది. కనెక్టరులోని ఆడపిన్ను వదులైతే అక్కడే వేడెక్కుతుంది. బ్యాలస్టు వైపు మగపిన్ను కూడా నల్లబడి ఉంటే కొత్త కనెక్టరు వేసినా కొన్నాళ్లకు మళ్లీ కాలుతుంది. ముందు దాన్ని శుభ్రం చెయ్యండి, గుంటలు పడి ఉంటే బ్యాలస్టే మార్చాలి.

పుదుపేట_పార్ట్స్:
కొత్తది దొరక్కపోతే చెన్నై పుదుపేటలో పాత కార్ల లైట్లు విప్పి అమ్ముతారు. కనెక్టరును వైరుతో పాటు కనీసం జానెడు పొడవు కోయించుకోండి, మొదలంటా కోస్తే అతికించడానికి చోటుండదు. లోపల పచ్చగా చిలుము కనిపిస్తే తీసుకోవద్దు. బయట అమ్మే హెచ్‌ఐడీ (జీనాన్) కిట్టు కనెక్టరు చూపిస్తే వద్దనండి, తాళం గాడి కలవదు.

అలిపిరి_డ్రైవ్:
సోల్డరింగ్ చేయించనా, నొక్కి బిగించే క్రింపింగా?

వైరింగ్_చిత్తూరు:
క్రింపింగే. సోల్డరు తీగల్లోకి పాకి వైరు గట్టిపడుతుంది, అదురుకి సరిగ్గా అంచు దగ్గర తెగుతుంది. లైటు ఆపి, తాళంచెవి తీసి, బ్యాటరీ నెగటివు విప్పి పది నిమిషాలు ఆగి మొదలుపెట్టండి. బ్యాలస్టు నుంచి బల్బుకు వెళ్లే కేబుల్ జోలికి పోవద్దు, అందులో ఉండేది 12 వోల్టులు కాదు. రెండు అతుకులూ పక్కపక్కన రాకుండా రెండంగుళాలు ఎడంగా వేసి, లోపల జిగురున్న హీట్‌ష్రింక్ (వేడికి బిగుసుకునే గొట్టం) తొడగండి. వైరు మందం పాతదానికి తగ్గకూడదు.

విడి టెర్మినల్ దొరికి మీరే క్రింప్ చేస్తే, రబ్బరు సీలు ముందే వైరుకు ఎక్కించాలి. ముందు రెక్కలు రాగిని, వెనక రెక్కలు సీలును పట్టుకోవాలి. సీలు మరిచిపోతే నవంబరు వానలకే చిలుము పడుతుంది.

రేణిగుంట_ఆటో:
బిగించాక లైటు వెలిగించి, బ్యాటరీ ప్లస్‌కీ కనెక్టరు ప్లస్‌కీ మధ్య మల్టీమీటరు పెట్టండి. అర వోల్టు దాటితే ఇంకా ఎక్కడో వదులుంది. మైనస్ వైపూ అలాగే చూడండి. చాలాసార్లు బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు కింద తుప్పే దొంగ.