శీతాకాలంలో ఒక్క పూటలో ఎక్కి దిగడానికి చిన్న కొండను ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా వేసవిలో వెయ్యి మీటర్లకు అటూ ఇటూగా ఉండే కొండలు ఎక్కుతున్నాను. ఈసారి మంచు కురిసే నెలల్లో కూడా వెళ్లాలని, పొద్దున బయలుదేరి చీకటి పడేలోగా దిగి వచ్చేయాలని మేము ముగ్గురం అనుకుంటున్నాం. పెద్ద శిఖరాల మీద మాకు ఆశ లేదు. మంచు పట్టిన అడవిని, పైనుంచి కనిపించే లోయను తీరిగ్గా చూసి రావాలన్నదే కోరిక. పటంలో ఇలాంటి కొండలు పదీ పన్నెండు కనిపిస్తున్నాయి కానీ, ఎత్తు, దూరం తప్ప వాటిని బేరీజు వేసే మరో కొలత నాకు తెలియదు. పోయిన నెలలో, రానూపోనూ 9 కిలోమీటర్లు, 600 మీటర్ల ఎక్కుడు ఉన్న ఒక దారిలో వెళ్లి, శిఖరం అరకిలోమీటరు దూరంలో ఉండగా వెనుదిరిగాం. అప్పటిదాకా చెట్ల బోదెలు తప్ప ఏమీ చూడలేదన్న వెలితి ఇంకా పోలేదు. అనుభవమున్నవారు ఎలా ఎంచుకుంటారో వివరంగా చెప్పగలరా?

మొదటి సమాధానం

మీరు చివర్లో చెప్పిన వెలితి దగ్గరే మొదలుపెడతాను. శీతాకాలపు కొండను నేను శిఖరాన్ని చూసి ఎంచుకోను, దారిలో మొదటిసారి లోయ ఎక్కడ కనిపిస్తుందో చూసి ఎంచుకుంటాను. సగం దారిలో చెట్లు విడిపోయే ఒక బండో, గడ్డకట్టిన జలపాతమో ఉంటే అక్కడి నుంచి తిరిగి వచ్చినా రోజు వృథా కాదు. శిఖరం మీద తప్ప ఎక్కడా ఏమీ కనిపించని దారిలోనైతే గాలి పెరుగుతున్నా, పొద్దు వాలుతున్నా, ‘ఇంకెంత, వచ్చేశాం కదా’ అనుకుంటూ కాళ్లు ముందుకే పోతాయి. ఈ చోట్లను పటంలోనే చాలావరకు పసిగట్టవచ్చు: ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే కాంటూరు రేఖలు బాగా దగ్గరపడి, ఆ పైన ఒక్కసారిగా విడిపోయిన చోట సాధారణంగా ఒక గట్టు అంచు ఉంటుంది. ఆకురాల్చే చెట్ల అడవి అయితే మరీ మంచిది, వేసవిలో మూసుకుపోయిన లోయ ఇప్పుడు కొమ్మల సందుల్లోంచి దారి పొడవునా కనిపిస్తూనే ఉంటుంది.

తరువాత చూసుకోవలసింది వేళ. 1892లో నైస్మిత్ అనే స్కాటిష్ పర్వతారోహకుడు చెప్పిన లెక్క ఇప్పటికీ వాడుకలో ఉంది: గంటకు సుమారు 5 కిలోమీటర్లు, ఆపైన ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట. ఆ ప్రకారం మీ దారికి సుమారు 2 గంటల 50 నిమిషాలు పడుతుంది. అయితే అది మంచి నేల మీద ఆగకుండా నడిచేవారి లెక్క. మంచులో నేను దాన్ని రెట్టింపు చేసి, ఆగే సమయాన్ని విడిగా కలుపుకుంటాను. 45 డిగ్రీల అక్షాంశం దగ్గర ఏడాదిలో అతి చిన్న పగలు సుమారు 8 గంటల 45 నిమిషాలే ఉంటుంది. అక్కడ ఉదయం పదింటికి బయలుదేరితే, చేతిలో ఉండవలసిన మిగులు సమయాన్ని మొదటి అడుగు వేయకముందే ఖర్చు చేసుకున్నట్టు.

అన్నిటికంటే ముఖ్యం, చెట్లు అయిపోయాక మిగిలే బోడి భాగం పొడవు. పైకి వెళ్లేకొద్దీ కిలోమీటరుకు సగటున 6.5 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది కాబట్టి చిన్న కొండ మీద ఎత్తు వల్ల వచ్చే తేడా కొద్దిదే, ఇబ్బందంతా గాలితోనే. మైనస్ 10 డిగ్రీల చలిలో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే, బయట ఉన్న చర్మానికి అది సుమారు మైనస్ 20లా తగులుతుంది. అమెరికాలోని మౌంట్ వాషింగ్టన్ ఎత్తు 1,917 మీటర్లే, అయినా 1934 ఏప్రిల్ 12న అక్కడ గంటకు 372 కిలోమీటర్ల గాలి నమోదైంది. రెండు వందల మీటర్ల బోడి శిఖరాన్ని గబగబా దాటి మళ్లీ చెట్లలోకి వచ్చేయవచ్చు, రెండు కిలోమీటర్ల బోడి శిఖరపంక్తి మీద ఆ వీలు ఉండదు. మొదటి ఏడాది అలాంటివి వద్దనే నా సలహా.

రెండవ సమాధానం

పై సమాధానానికి నేల సంగతి కలుపుతాను. ఉత్తరార్ధగోళంలో ఉత్తరపు వాలుకు శీతాకాలపు ఎండ సరిగా తగలదు. నలుగురూ తొక్కిన మంచు అక్కడ గట్టిపడి గాజుపలకలా మారి వారాల తరబడి అలాగే ఉంటుంది. అలాంటి దారిని ఎక్కడం సులువే, దిగేటప్పుడే అసలు కష్టం తెలుస్తుంది. బూట్లకు తగిలించుకునే చిన్న ఇనుప ముళ్ల పట్టీలు, అంటే మైక్రోస్పైక్స్, ముగ్గురి దగ్గరా ఉండాలి. ఎవరూ నడవని లోతు మంచులో కథ వేరు: ప్రతి అడుగూ మోకాలిదాకా కూరుకుపోతుంటే స్పైక్స్ ఉపయోగపడవు, మంచులో కూరుకుపోకుండా బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి స్నోషూలు కావాలి. అందుకే కొత్తలో నలుగురూ నడిచే దారినే ఎంచుకోండి. చిన్న కొండే కదా అని హిమపాతాల మాట, అంటే వాలు మీది మంచు ఒక్కసారిగా జారిపడే మాట, మరిచిపోవద్దు. అవి ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే జారుతాయి. చెట్లు లేని ఒక ఇరుకైన లోయపాయ అంత వాలుగా ఉంటే చాలు, దాన్నీ, దాని అడుగున సాగే దారినీ వదిలేస్తాను.

మూడవ సమాధానం

సగం దారిలో కనిపించే దృశ్యం గురించి చెప్పినదానితో నాకు చాలావరకు ఏకీభావమే కానీ, ఒక రకం రోజున అది పనికిరాదు. గాలి లేని, ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి గడిచాక, చల్లగాలి బరువుగా లోయలోకి దిగి నిలిచిపోతుంది. కింద పొగమంచు, పైన ఎండ. దీన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. ఆ ఉదయం సగం దారిలోని గట్టు తెల్లటి తెర వెనకే ఉండిపోతుంది. ఇంకో వంద మీటర్లు ఎక్కితే తల మీద నీలాకాశం, పాదాల కింద మేఘాల సముద్రం, అందులోంచి దీవుల్లా పైకి తేలిన చుట్టుపక్కల కొండలు. చిన్న కొండకు ఇంతటి దృశ్యం మరే కాలంలోనూ దొరకదని నా నమ్మకం. అందుకని జాబితాలో ఒక బోడి శిఖరాన్ని, పొట్టిదాన్నే, ఇలాంటి ప్రశాంతమైన రోజుల కోసం విడిగా పెట్టుకోండి.

పైకి వెళ్లాక దారి చూపే స్తంభాలను దగ్గరగా చూడండి. గడ్డకట్టిన పొగమంచు వాటి మీద ఈకల్లా పేరుకుని ఉంటుంది. ఆ ఈకలు గాలి వచ్చిన దిక్కుకే పెరుగుతాయి కాబట్టి, రాత్రి గాలి ఎటునుంచి వీచిందో, మీరు కూర్చోవడానికి బండకు ఏ పక్క వెచ్చగా ఉంటుందో అవే చెబుతాయి.

ప్రశ్న అడిగినవారి జవాబు

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. రాత్రి పటం ముందేసుకుని కూర్చుని పన్నెండింటినీ మళ్లీ చూశాను. పొడవైన బోడి శిఖరపంక్తులు రెండు, ఉత్తరపు వాలు మీద నిటారుగా దిగేవి మూడు, మొదటి దృశ్యం శిఖరం మీదే ఉన్నవి నాలుగు తీసేస్తే మూడు మిగిలాయి. తీసేసినవాటిలో ఒకటి మాత్రం, చెట్లు దాటాక నూట యాభై మీటర్లే ఉన్నది, ప్రశాంతమైన ఉదయం కోసం పక్కన పెట్టాను. వచ్చే వారం మిగిలిన మూడింటిలో అన్నిటికంటే పొట్టిదానికి, తెల్లవారగానే నడక మొదలయ్యేలా బయలుదేరుతున్నాం. నీళ్లు గడ్డకట్టకుండా ఏం చేస్తారో కూడా చెప్పండి.

రెండవ సమాధానం ఇచ్చినవారు

గోరువెచ్చని నీళ్లు వెడల్పు మూతి సీసాలో పోసి, ఒక మేజోడులో దూర్చి, తలకిందులుగా సంచిలో పెట్టుకోండి. నీరు పైనుంచే గడ్డకడుతుంది కాబట్టి మంచు సీసా అడుగు వైపు చేరుతుంది, మూత బిగుసుకుపోదు. పీల్చే గొట్టం ఉన్న నీళ్ల సంచులు తీసుకెళ్లవద్దు, అన్నిటికంటే ముందు ఆ గొట్టమే గడ్డకడుతుంది.