అప్‌డేట్: అమ్మానాన్నలు, స్ట్రోలర్‌లో పాపతో మెల్‌బోర్న్ సిటీ నడక

పెద్దవాళ్లతో, స్ట్రోలర్‌తో మెల్‌బోర్న్ సిటీ సెంటర్ నడిచి చూడొచ్చా అని అడిగాను కదా, చూడొచ్చు. కానీ దిశ ముఖ్యం. ఎలిజబెత్ స్ట్రీట్ పల్లంలో ఉంటుంది, అక్కణ్ణించి తూర్పుకు స్ప్రింగ్ స్ట్రీట్ దాకా ఎత్తే. అందుకే స్ప్రింగ్ స్ట్రీట్‌లోని పార్లమెంట్ వరకు ట్రామ్‌లో వెళ్లి బర్క్ స్ట్రీట్ మీదుగా కిందికి దిగితే మోకాళ్లకు హాయి. ఫ్రీ ట్రామ్ జోన్‌లోనే (సిటీ సెంటర్‌లో ట్రామ్ ఉచితంగా ఉండే ప్రాంతం) ఎక్కి దిగేటట్లయితే మైకీ కార్డు (ట్రామ్ టికెట్ కార్డు) మెషిన్‌కి అసలు తాకించకండి, తాకిస్తే ఛార్జీ పడుతుంది.

బర్క్ స్ట్రీట్ మాల్ నుంచి 1870 నాటి రాయల్ ఆర్కేడ్‌లోకి (పైకప్పున్న దుకాణాల సందు) దూరండి. గడియారానికి అటూ ఇటూ గాగ్, మేగాగ్ అనే పురాణ మహాకాయుల బొమ్మలుంటాయి, అక్కణ్ణించి పిల్లలు కదలరు. అటు బయటపడి లిటిల్ కాలిన్స్ దాటి బ్లాక్ ప్లేస్ సందులోంచి బ్లాక్ ఆర్కేడ్, ఆపైన డిగ్రేవ్స్ స్ట్రీట్, ఎదురుగా ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్. వాన పడ్డా సగం దారి పైకప్పు కిందే.

మధ్యాహ్న భోజనం వేళ డిగ్రేవ్స్‌లో కెఫే కుర్చీల మధ్య స్ట్రోలర్ పట్టదు, ఉదయమే మేలు. హోజియర్ లేన్‌లో గోడబొమ్మలు బాగుంటాయి గానీ ఎగుడుదిగుడు నల్లరాళ్లు, చిన్న చక్రాలు ఇరుక్కుంటాయి. క్వీన్ విక్టోరియా మార్కెట్ కూడా చూడాలనుకుంటే, దాన్ని సోమ, బుధవారాలు మూసేస్తారు.