కిట్ 650, సామాను 140: మిగతాది దేనికి?

ప్రకాశం_పవర్: ట్యాంకు నిండగానే మోటారు ఆపేసే, మనమే సోల్డరింగ్ చేసుకునే కిట్ ఒకటి ఈ ఫోరం సభ్యుడు కోఠి_కుర్రాడు దగ్గర కొన్నాను. 650 రూపాయలు, కొరియర్ అదనం. కవర్లో ఒక రిలే (మోటారును ఆన్, ఆఫ్ చేసే స్విచ్), ఎనిమిది కాళ్ల ఐసీ (చిప్పు), రెండు ట్రాన్సిస్టర్లు, డజను రెసిస్టర్లు, ఇంకా చిల్లరమల్లర. బోర్డు, ఐసీ తప్ప మిగతావన్నీ కోఠి గుజరాతీ గల్లీలో నాకు 140కే వచ్చాయి, బిల్లు ఉంది. ఇంట్లో కూర్చుని కవర్లలో వేసి అమ్మడానికి ఇంత రేటా?

కోఠి_కుర్రాడు: అన్నా, లెక్క నేనే చెబుతాను. 50 కిట్ల బ్యాచ్ వేస్తాను. బోర్డు 38 పడుతుంది. 500 చేయిస్తే బాగా దిగుతుంది కానీ అన్ని కిట్లు కొనే నాథుడెవరు? ఐసీ 90. ప్రోగ్రామ్ ఎక్కించి, నీటిమట్టం పసిగట్టే ప్రోబులు బకెట్ నీళ్లలో ముంచి ఒక్కొక్కటీ చూస్తాను. రెసిస్టర్లు లెక్కపెట్టి కవర్లలో వేసేది నేనూ మా అమ్మా. ఒక్కటి తగ్గినా మళ్లీ కొరియర్ నా జేబులోంచే. బెంగళూరుకీ చెన్నైకీ పంపుతాను కాబట్టి అమ్మకం ఎంత చిన్నదైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు, ఆడిటర్ ఫీజు సరేసరి. కెపాసిటర్ తిరగేసి పెట్టి, అది పేలాక డబ్బు వెనక్కి అడిగేవాళ్లు వేరే.

ప్రకాశం_పవర్: రెసిస్టర్లు వంద 40 రూపాయలు. డజనుకి ఐదు రూపాయలు. కూలీ ఎంత వేశారు?

నెల్లూరు_నెగెటివ్: మినప్పప్పు ధర అడిగి దోసె కొంటామా సార్?

ట్రాన్సిస్టర్_తాత: ధర సంగతి తర్వాత. బాబూ, 10 ఆంపియర్ల రిలేతో మోటారు నేరుగా ఎలా నడపమన్నావు? 1 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు ఐదారు ఆంపియర్లే, స్టార్టింగులో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. కాంటాక్టులు అతుక్కుపోతే ట్యాంకు పొర్లినా మోటారు ఆగదు. మధ్యలో కాంటాక్టర్, అంటే పెద్ద కరెంటు తట్టుకునే స్విచ్ పెట్టించు. అలా అతుక్కున్న రిలేలు నా షాపులో డబ్బా నిండా ఉన్నాయి.

కోఠి_కుర్రాడు: అర హెచ్‌పీ వరకే అని కాగితం రెండో పేజీలో రాశాను తాతగారూ.

ట్రాన్సిస్టర్_తాత: రెండో పేజీ ఎవడు చదువుతాడు?

మెదక్_మల్టీమీటర్: మా తమ్ముడు బీటెక్ ప్రాజెక్టని ఒక షాపులో 7,000 పోసి రెడీమేడ్ కొన్నాడు, రిపోర్టుతో సహా. వైవాలో రిలే ఏదంటే బజర్ చూపించాడు. 650 పెట్టి చేత్తో సోల్డరింగ్ చేసుకుంటే కనీసం ఏది ఏదో తెలుస్తుంది.

ప్రకాశం_పవర్: మీ తమ్ముడికీ నా 650కీ ఏం సంబంధమండీ?

విజయనగరం_వోల్ట్: ప్రకాశం గారూ, బోర్డు సరే, గల్లీలో దొరకదు. ఐసీ ఎందుకు కొనలేదు?

ప్రకాశం_పవర్: ఎలా కొంటానండీ? దాని మీద నంబరు ఉప్పుకాగితంతో గీకేశాడు! పిడుగులు పడిన రాత్రి అది పోయింది. ఒక్క ఐసీ ఇమ్మంటే కిట్ మొత్తం మళ్లీ తీసుకోమన్నాడు. సర్క్యూట్ డయాగ్రం అడిగితే జవాబే లేదు. నేను స్కూలు టీచర్ని, పిల్లలకి చూపిద్దామని కొన్నాను. ఆ నల్లముక్క చూపించి ఏం చెప్పను?

నెల్లూరు_నెగెటివ్: ఇది ముందే చెబితే దోసె దాకా వెళ్లేవాణ్ని కాదు.

కోఠి_కుర్రాడు: అవును, నేనే గీకాను. మొదటి బ్యాచ్‌తో డయాగ్రం, ప్రోగ్రామ్ అన్నీ ఇచ్చాను. ఒక షాపువాడు నా బోర్డు కాపీ కొట్టి 400కి పెట్టాడు. పోనీ సరిగ్గా కొట్టాడా? నీళ్లలో ప్రోబులకి ఎప్పుడూ డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) ఇస్తే ఎలక్ట్రాలసిస్ జరిగి ఒక ప్రోబు కరిగిపోతుంది. అందుకే నా ప్రోగ్రామ్ అప్పుడప్పుడు ఒక్క క్షణమే, అదీ దిశ మార్చి మార్చి కరెంటు ఇస్తుంది. వాడు ఐసీ ఎత్తేసి నేరుగా డీసీ పెట్టాడు. ప్రోబులు పోయాక తిట్లు మాత్రం నాకు, బోర్డు మీద నా పేరైనా చెరపలేదు మహానుభావుడు!

విజయనగరం_వోల్ట్: అమెరికాలో హీత్‌కిట్ కంపెనీ వాళ్లు ఎలక్ట్రానిక్స్ కిట్లు 1947లో ఆసిలోస్కోప్ (కరెంటు తరంగాలను తెర మీద చూపే పరికరం) కిట్‌తో మొదలుపెట్టారు. కిట్‌తో పాటు డయాగ్రం, మాన్యువల్ ఇచ్చేవారు. జనం నేర్చుకున్నదే వాటి మీద.

కోఠి_కుర్రాడు: 1992లో కిట్లు ఆపేశారని కూడా చెప్పండి.

ట్రాన్సిస్టర్_తాత: ఎనిమిది కాళ్లు, నాలుగోది గ్రౌండు, ఎనిమిదోది ఐదు వోల్టులు, పైగా ప్రోగ్రామ్ ఎక్కించేది. అటైనీ 85 అనే చిప్పు అయ్యుంటుంది. గీకితే నాలాంటివాడు ఆగడు బాబూ, ఆ మాస్టారే ఆగిపోతాడు. ప్రోగ్రామ్ భద్రం కావాలంటే లాక్ బిట్లు, అంటే ఎవరూ దాన్ని చదవకుండా చిప్పులోనే వేసే తాళం చాలు.

కోఠి_కుర్రాడు: లాక్ కూడా వేశాను.

ప్రకాశం_పవర్: అంటే కొత్త ఐసీ కొన్నా నాకు పనికిరాదు. ప్రోగ్రామ్ ఎక్కించినది ఒక్కటి, 150 ఇస్తాను. అమ్ముతారా, లేదా?

కోఠి_కుర్రాడు: విడిగా అమ్మడం మొదలుపెడితే ఆ షాపువాడే వంద కొని తన కిట్లలో పెడతాడు. పోయిన ఐసీ వెనక్కి పంపండి, బదులు ఇస్తాను. డయాగ్రం మాత్రం ఇవ్వను.

ప్రకాశం_పవర్: పంపడానికి కొరియర్ ఖర్చు ఎవరిది?