ఒబ్బిడికి పొదుపు, కోత రెండు అర్థాలు ఎలా వచ్చాయి?

మాది నెల్లూరు జిల్లా, కోవూరు వైపు. ఇంట్లో ఎవరైనా చెంచాతో తాలింపుకి నూనె పోస్తుంటే మా అవ్వ చెయ్యి పట్టుకుని మరీ "ఒబ్బిడిగా పొయ్‌మే" అనేది. పిసినారితనం కాదు, ఉన్నదాన్ని వృథా చేయకుండా సర్దుకోమని. మాటల్లో కూడా అంతే, ఎక్కువ వాగితే "నోరు ఒబ్బిడిగా పెట్టుకో" అనేది. 1992 సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత మా ఊళ్లలో పొదుపు సంఘాలు వచ్చాక అందరి నోటా పొదుపే మిగిలింది, ఈ మంచి మాట పోతోందని నాకు బాధ.

అయితే గోదావరి జిల్లాల వార్తల్లో "వరి ఒబ్బిడి" అని చూశాను, అక్కడ కోసి, కుప్పేసి, నూర్చి ధాన్యం ఇంటికి చేర్చే పని అట! రెండు నిఘంటువులు తిరగేస్తే పొదుపు అనే అర్థం దొరికింది గానీ మాట ఎలా పుట్టిందో లేదు. ఊళ్లో ముగ్గురు పెద్ద రైతులను అడిగాను, కోతకి ఆ మాట వాడరన్నారు. గింజ పోకుండా కూడబెట్టడం నుంచే పొదుపు అర్థం వచ్చిందని నా ఊహ, ఆధారం మాత్రం లేదు.

మీ ఊళ్లో ఒబ్బిడిని ఈ రెండు అర్థాల్లోనూ వాడతారా, వాడితే ఏ జిల్లా, ఎలాంటి వాక్యంలో?