ఎదురుమొండికి రెండు రోజులు: కారు పంటు ఎక్కించాలా, ఏటిమొగలో వదిలేయాలా?

బెంజిసర్కిల్ వాసు:
అందరికీ నమస్కారం. వచ్చే శనివారం పొద్దున్నే విజయవాడలో బయల్దేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరేలా, కృష్ణ సముద్రంలో కలిసే చోటున్న ఎదురుమొండి దీవికి వెళ్దాం అనుకుంటున్నాం. అమ్మ, నాన్న, నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. పెద్దాడికి ఎనిమిదేళ్లు, చిన్నదానికి నాలుగు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ దూరం నడవలేదు. నాగాయలంక దాకా ఇదివరకు వెళ్లాను గానీ ఏరు దాటి అవతలికి ఎప్పుడూ పోలేదు. కారు పంటు (ఏరు దాటించే బల్లకట్టు లాంటి పడవ) మీద ఎక్కిస్తారా? రాత్రికి ఎక్కడ ఉండాలి? పిల్లల్ని నీళ్లలోకి దింపొచ్చా? భోజనం సంగతేంటి? తెలిసినవాళ్లు చెప్పగలరు.

కరకట్ట బుల్లెట్:
బ్రదర్, ముందు దారి సంగతి తేల్చుకో. ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి మీదుగా పోవద్దు. యనమలకుదురు దగ్గర కరకట్ట ఎక్కెయ్. ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క అరటి, పసుపు, కంద తోటలు. పొద్దున ఆరింటికి ఆ గాలికే సగం ట్రిప్ అయిపోయినట్టుంటుంది. మధ్యలో శ్రీకాకుళంలో ఆంధ్ర మహావిష్ణువు గుడి, తర్వాత మోపిదేవి. బండి మీద ముప్పై సార్లు పోయి ఉంటాను, ఒక్కసారీ హైవే ఎక్కలేదు.

పటమట పద్మ:
బుల్లెట్ మీద ఒక్కరే పోయేవాళ్లు ఆరుగురి కుటుంబానికి దారి చెప్పకూడదండి. మా మామగారికి నడుం నొప్పి. ఎవరో చెప్పారని కరకట్ట మీద తీసుకెళ్లాం. చెరుకు ట్రాక్టర్ ఎదురొచ్చిందంటే పక్కకి తప్పుకునే చోటుండదు, కట్ట అంచున ఆపి ఊపిరి బిగపట్టుకోవాలి. తిరుగు ప్రయాణంలో చీకటి పడింది. ఎక్కడా లైటు లేదు, రోడ్డు మీద గేదెలు. ఆ రోజు పడ్డ టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తే. వాసు గారూ, పెద్దవాళ్లుంటే పామర్రు మీదుగానే వెళ్లండి.

బ్రాడీపేట నాలుగో లైను:
విజయవాడ వాళ్లకి ప్రపంచమంతా బెంజి సర్కిల్ నుంచే మొదలవుతుంది. మాకు గుంటూరు నుంచి తెనాలి, రేపల్లె, పెనుమూడి వంతెన దాటితే పులిగడ్డ, అక్కణ్నుంచి అవనిగడ్డ. వంతెన లేని రోజుల్లో పెనుమూడి దగ్గరా పంటు మీదే దాటేవాళ్లం. సరే, కారు సంగతికి వస్తా.

మొన్న జనవరిలో మా కారు ఏటిమొగలో, అంటే నాగాయలంక వైపు రేవులో, పంటు మీద ఎక్కించాం. ఎక్కుతుంది. పంటు అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: రెండు పడవలు పక్కపక్కన బిగించి పైన చెక్కలు పరిచి ఉంటాయి, ఇంజన్ పడవ లాగుతుంది. గట్టు నుంచి పైకి రెండు పలకలు వేస్తారు. అవి తడిసి పాకుడు పట్టి ఉంటాయి. ముందు చక్రాలు ఎక్కేశాక వెనక చక్రాలు గిర్రున తిరిగాయి, కారు జానెడు వెనక్కి జారింది. పంటు కుర్రాడు గోనెసంచి తెచ్చి టైరు కింద దోపితే గానీ ఎక్కలేదు. అందుకని అందరినీ దింపేసి డ్రైవర్ ఒక్కడే ఎక్కించాలి. ఎక్కాక హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో పెట్టి, చక్రాలకి రెండు పక్కలా రాళ్లు పెట్టించండి. అద్దాలు దించి ఉంచండి.

గొల్లమంద కోడలు:
నేను అవతలి ఒడ్డు దాన్ని. దయచేసి కార్లు పంటు మీదకి తేకండి.

ఆ పంటు మీకు సరదా, మాకు రోడ్డు. బడికీ, ఆస్పత్రికీ, రేషన్‌కీ, రొయ్యల మేతకీ అన్నిటికీ అదే దారి. కిందటేడు సంక్రాంతి సెలవుల్లో మా తోడికోడలికి నొప్పులు మొదలైతే ఆటోలో రేవుకి తెచ్చాం. పంటు అవతల ఉంది. అక్కడ ఎవరివో నాలుగు కార్లు. ఒకదాని తర్వాత ఒకటి ఎక్కించి, సర్ది, ఫొటోలు తీసుకుని దాటేసరికి ముప్పావు గంట. పిల్ల ఆటోలో నా చెయ్యి పట్టుకుని ఎంత గట్టిగా నొక్కిందంటే గోళ్లు దిగిన గుర్తులు వారం దాకా ఉన్నాయి. తల్లీబిడ్డా క్షేమమే, దేవుడి దయ. కానీ ఆ ముప్పావు గంట నేను మర్చిపోను.

బ్రాడీపేట నాలుగో లైను:
అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ మేం టికెట్ కొనే ఎక్కాం, దొంగతనంగా కాదు. ఎమర్జెన్సీ ఉందని ముందే ఫోన్ చేస్తే పంటువాళ్లు కార్లు ఆపరా? తప్పు వాళ్లది. ఆదివారం నాలుగు డబ్బులు వచ్చేది మా లాంటి వాళ్లు వస్తేనే కదా.

గొల్లమంద కోడలు:
నాలుగు డబ్బులా? మీ కారు మా ఊళ్లోకి వచ్చి, ఇంటి దగ్గర వండుకొచ్చిన బిర్యానీ మా గట్టు మీద తిని, ఆ ప్లేట్లు మడ అడవిలో పారేసి పోయింది. మాకు మిగిలింది ఆ ప్లేట్లే. ఫోన్ చేయలేదని ఎవరు చెప్పారు మీకు? చేశాం. కారు సగం పలక మీద ఉంటే వెనక్కి ఎలా తియ్యమంటారు?

కరకట్ట బుల్లెట్:
అక్కా, నువ్వు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. అందుకే బండి మీద పోవాలి అంటాను.

బ్రాడీపేట నాలుగో లైను:
నేను ప్లేట్లు పారేశానని నువ్వు చూశావా తల్లీ? చూడకుండా ఒకరి మీద వెయ్యకూడదు. మా అమ్మగారు నడవలేరు కాబట్టే కారు తీసుకెళ్లాను. వాసు గారిది కూడా అదే ఇబ్బంది. నడవలేని మనిషి దీవి చూడకూడదా?

మోపిదేవి మాస్టారు:
ఇద్దరూ కాస్త నిదానించండి. అసలు తిట్టాల్సింది ఏటిమొగకీ ఎదురుమొండికీ మధ్య వంతెన కోసం ఇన్నేళ్లుగా జనం అడుగుతూనే ఉండాల్సి వచ్చిన పరిస్థితిని.

డెల్టా రిటైర్డ్:
నేను ఇరిగేషన్‌లో ముప్పై ఏళ్ల పైన పనిచేసి రిటైరయ్యాను. ఈ కింది కాల్వలన్నీ కాళ్లతో కొలిచినవాణ్ని కనుక కొన్ని విషయాలు స్పష్టంగా చెప్తున్నాను.

ఒకటి, మీరందరూ ఎదురుమొండిని మాత్రమే దీవి అంటున్నారు. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది. ఆ రెండు పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్న దివిసీమ అంతా దీవే, పేరులోనే ఉంది. పులిగడ్డ అక్విడక్టు దాటినప్పుడే మీరు దీవిలోకి వెళ్లినట్టు. కింద ఏటి పాయ, దాని మీదుగా వంతెన లాంటి కట్టడంలో కాల్వ పారుతుంది. పిల్లలకి అది తప్పక చూపించండి. బ్రిటిష్ కాలపు పని, ఇవాళ్టికీ నీళ్లు మోస్తోంది.

రెండు, ఎవరూ అడగనిదీ అందరూ అడగాల్సిందీ: పోటు, పాటు. అక్కడ ఏరంటే సగం సముద్రమే. సుమారు ఆరు గంటలకోసారి నీరు ఎక్కుతుంది, దిగుతుంది. రోజురోజుకీ ఆ వేళ ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు బాగా ఎక్కుతుంది, పాటు కూడా అంత లోతుగా లాగేస్తుంది. పాటు వేళ గట్టు ఎత్తుగా, పంటు కిందకి అయిపోయి పలక ఏటవాలు పెరుగుతుంది. ఆ పెద్దమనిషి కారు జారింది అందుకే, పంటువాడి తప్పు కాదు. వెళ్లే ముందు రేవులో నీళ్లెప్పుడు నిండుతాయో కనుక్కోండి.

మూడు, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా పైన ప్రకాశం బ్యారేజీ గేట్లెత్తితే అక్కడ దాటడం మానుకోండి. 2024 సెప్టెంబరు మొదట్లో 11.43 లక్షల క్యూసెక్కులు వదలాల్సి వచ్చింది. లంక ఊళ్లు ఏమయ్యాయో అందరం చూశాం.

పటమట పద్మ:
భవానీ ద్వీపం అయితే ఈ బాధలేమీ లేవు కదా. పున్నమి ఘాట్‌లో బోటెక్కితే చాలు. పిల్లలకి ఆడుకోవడానికి ఉంటుంది, సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు.

కరకట్ట బుల్లెట్:
పద్మ గారూ, ఆయన సముద్రం అడిగారు, మీరు బ్యారేజీ ఎగువన పార్కు చెప్తున్నారు.

పటమట పద్మ:
నాలుగేళ్ల పిల్ల ఉందన్నారు కాబట్టి చెప్పాను. మీకు పిల్లలుంటే తెలిసేది.

కోడూరు శీను:
నీళ్లలోకి దింపొచ్చా అన్న ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు, నేను చెప్తాను. మా కోడూరు వైపున్న హంసలదీవి దగ్గర సంగమంలో దింపొద్దు. పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది. ఏటి నీరూ సముద్రపు నీరూ కలిసే చోట కింద ఇసుక నిలకడగా ఉండదు, మోకాలి లోతు అనుకున్నచోట రెండడుగులు వేస్తే మనిషి లోతు. మా ఊరి మీదుగా నవ్వుతూ వెళ్లిన కాలేజీ కుర్రాళ్లని అంబులెన్స్‌లో వెనక్కి తేవడం చూసినవాణ్ని. మెరైన్ పోలీసులు విజిల్ వేస్తే విసుక్కోకండి. అంచున కూర్చుని కాళ్లు తడుపుకోండి, చాలు. హంసలదీవి వేణుగోపాలస్వామి గుడి నుంచి సముద్రం ఒడ్డు ఇంకా దూరం, నడిపించి తీసుకెళ్లొచ్చు అనుకోవద్దు.

నవంబరులో మాత్రం వాయుగుండం అనే మాట టీవీలో వినపడితే ట్రిప్ రద్దు చేసుకోండి. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెన వచ్చినప్పుడు మా నాయనమ్మ తాడిచెట్టుని చీరతో నడుముకి కట్టుకుని తెల్లవార్లూ ఉంది. ఆ చెట్టు మీద ఆవిడతో పాటు పాములూ ఉన్నాయట, అవీ ఏమీ అనలేదట. ఆమె తరఫు వాళ్లు ఎనిమిది మంది పోయారు. బతికినన్నాళ్లూ ఆ తేదీన పొయ్యి వెలిగించేది కాదు.

తెనాలి స్నేహ:
శీను గారూ, చదువుతుంటే ఒళ్లు జలదరించింది.

వాసు గారికి ఇంకో జాగ్రత్త. మడ అడవిలో బోటు మీద పోయేటప్పుడు పిల్లల్ని కొమ్మలు విరవనివ్వకండి. అందులో తిల్ల చెట్టు అని ఉంటుంది, దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. నేను బోటనీ చెప్తాను, పిల్లల్ని ఫీల్డ్ ట్రిప్‌కి తీసుకెళ్లినప్పుడల్లా మొదట చూపించేది ఆ చెట్టునే. రెండోది మడ వేళ్లు. బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచి ఉంటాయి, గాలి పీల్చుకోవడానికి. వాటి మీద కాలు వెయ్యకూడదు. బావురు పిల్లి (ఫిషింగ్ క్యాట్) కనపడుతుందని ఆశ పెట్టుకోకండి, అది రాత్రి తిరిగే జంతువు. అదృష్టముంటే బురదలో దాని అడుగులు కనిపిస్తాయి. జనవరి నుంచి మార్చి మధ్య వెళ్తే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం. రాత్రి ఒడ్డున టార్చ్ వెయ్యొద్దు, వెలుతురు చూస్తే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతుంది.

మోపిదేవి మాస్టారు:
గది సంగతి: దీవిలో హోటల్ లాంటిది ఉంటుందని బయల్దేరకండి. మోపిదేవి దేవస్థానం గదులు గానీ అవనిగడ్డ లాడ్జీలు గానీ చూసుకోండి. పెట్రోలూ అవనిగడ్డలోనే.

కరకట్ట బుల్లెట్:
భోజనం నాగాయలంకలోనే. పండుగప్ప పులుసు. మసాలా వెయ్యొద్దని ముందే చెప్పు.

గొల్లమంద కోడలు:
పండుగప్ప మీ ఊళ్లో కూడా దొరుకుతుంది. మా దగ్గర తినాల్సింది మడ పీత. కొనేటప్పుడు చేతిలో పట్టుకుని బరువు చూడండి. తేలిగ్గా ఉంటే లోపల నీళ్లే, కండ ఉండదు. డెక్కలు తాడుతో కట్టించే తీసుకోండి, పిల్లల వేలు దొరికితే వదలదు.

వాసు గారూ, మీ అమ్మగారి గురించి: కారు ఏటిమొగలో ఆపండి. పంటు మీదకి నాలుగడుగులు నడిస్తే చాలు. మా దీవి వైపు రేవులో ఆటోలు ఉంటాయి, ఒకటి పూట మొత్తానికి మాట్లాడుకోండి. ఆ ఆటో ఇంటి గుమ్మం దాకా వస్తుంది, కారు రాలేని సందుల్లోకి కూడా. చివరి పంటు ఎన్నింటికో దిగగానే అడగండి. అది పోతే తెల్లారే దాకా ఇక్కడే.

బ్రాడీపేట నాలుగో లైను:
ఆటో కుదుపులకి మోకాళ్ల నొప్పి మనిషి ఏమవుతుందో కూడా చెప్పండి. నా మాట మీద నేనున్నాను. పలక వెడల్పు చేసి, అత్యవసరానికి వేరే బోటు పెట్టాలి. అది అడగాల్సినవాళ్లని అడగాలి, నన్ను కాదు.

బెంజిసర్కిల్ వాసు:
వెళ్లొచ్చాం. ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమనుకోకండి.

పామర్రు మీదుగానే వెళ్లాం. పులిగడ్డలో అక్విడక్టు చూసి మా పెద్దాడు “ఏరు మీద ఏరా నాన్నా” అని అరగంట వదల్లేదు. కారు ఏటిమొగలో వదిలేశాం. పోటు నిండుగా ఉన్న వేళ కనుక్కుని వెళ్లడంతో పలక దాదాపు సమంగా ఉంది, నాన్న భుజం పట్టుకుని అమ్మ తనే ఎక్కింది. ఎవరో చేపల గంప పక్కకి జరిపి ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ఏరు దాటినంతసేపూ అమ్మ కొంగు మొహాన ఎగురుతుంటే సర్దుకోలేదు. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో బల్లకట్టు మీద ఇలాగే దాటేవాళ్లమని మాకెప్పుడూ చెప్పని కబుర్లు చెప్పింది.

ఆటోలో కుదుపులు నిజమే, దిండు తీసుకెళ్లాల్సింది. అవతల రెండు గంటలే ఉన్నాం, నాలుగింటికల్లా తిరిగొచ్చేశాం. రాత్రి అవనిగడ్డలో ఉండి ఆదివారం పొద్దున హంసలదీవి. వేణుగోపాలస్వామి దర్శనమయ్యాక ఒడ్డున కాళ్లు తడుపుకున్నాం, అంతే. పిల్లలు ఏడ్చారు, దింపలేదు. మా చెత్త మేమే సంచిలో వేసి విజయవాడ తెచ్చుకున్నాం.

పీతలు తెచ్చాం. ఒకటి తేలిగ్గా ఉంటే మార్పించుకున్నాను.

పటమట పద్మ:
అమ్మగారికి ఇప్పుడు ఎలా ఉంది? మాఘ పౌర్ణమికి హంసలదీవి సముద్ర స్నానానికి మా అత్తగారు అడుగుతున్నారు. ఆ రోజు బస్సులు ఎక్కడి దాకా పోతాయి, ఎవరికైనా తెలుసా?

కోడూరు శీను:
ఆ రోజు జనం విపరీతం, కల్యాణం కూడా అప్పుడే. పెద్దావిణ్ని తెస్తుంటే ముందురోజు రాత్రికే కోడూరు చేరండి. మా ఇంట్లో దిగండి, నంబరు విడిగా పంపిస్తాను.