తాతయ్య కొనిచ్చిన వీణ పాప దగ్గర ఉండాలా, వాళ్ళ నాన్న ఇంట్లో ఉండాలా?

విశాఖ_అమ్మ:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి ప్లీజ్. మాకు మ్యూచువల్ డివోర్స్ అయ్యి 2 ఏళ్ళయింది. పాపకి 11 ఏళ్ళు, వైజాగ్‌లో నా దగ్గరే ఉంటుంది, రెండు వారాలకోసారి శనాదివారాలు, పండగ సెలవుల్లో సగం విజయనగరంలో వాళ్ళ నాన్న దగ్గర. ఇప్పటిదాకా ఆ విషయంలో ఏ గొడవా లేదు, ఆయన టైంకి తీసుకెళ్తారు, టైంకి దింపుతారు, ఆ మాట చెప్పుకోవాలి.

ఇప్పుడు గొడవంతా వీణ గురించి. పాప 8వ పుట్టినరోజుకి వాళ్ళ తాతగారు, అంటే ఆయన నాన్నగారు, పాపని వెంటపెట్టుకుని బొబ్బిలి దగ్గర గొల్లపల్లి వెళ్ళి ఆర్డర్ ఇచ్చి మరీ చేయించారు. ఏకాండీ వీణ, ఒకటే పనస దుంగ. చెక్కుతుంటే చూడ్డానికి రెండుసార్లు తీసుకెళ్ళారు, ఆ రంపప్పొట్టు వాసన గురించి ఇది ఇప్పటికీ చెప్తుంది. మామగారు పోయిన పుష్యమాసంలో కాలం చేశారు.

వీణ మొదట్నుంచీ మా ఇంట్లోనే ఉండేది, రోజూ సాయంత్రం గంట సాధన, ఇప్పుడు గీతాలు దాటి వర్ణాలనే పెద్ద పాఠాల్లోకి వచ్చింది. దసరాకి వెళ్తున్నప్పుడు మూలా నక్షత్రం రోజు సరస్వతీ పూజలో పెట్టుకుంటాం పంపించు అని వాళ్ళ నాన్న అంటే నేనే పంపించాను. సెలవులయ్యాక పాప వచ్చింది కానీ వీణ రాలేదు. అడిగితే "అది మా నాన్న కొన్నది, మా ఇంట్లోనే ఉంటుంది, వచ్చినప్పుడు వాయించుకుంటుంది" అన్నారు. నెల దాటింది. వీణ నేర్పే మేడం తన పాత వీణ ఒకటి ఇచ్చారు గానీ పాప దాని ముందు కూర్చుని పది నిమిషాలకే లేచిపోతోంది, ఏం మాట్లాడదు. నాకు కోర్టుకెళ్ళాలని లేదు, అలాగని ఊరుకోలేకపోతున్నా. ఇలాంటివి ఎవరైనా చూశారా, ఏం చేశారు?

బొబ్బిలి_వాస్తవ్యులు:

అమ్మా, వీణ వైపు నుంచి రెండు మాటలు చెప్తాను, మిగతాది మీ ఇంటి విషయం. మా ఊళ్ళో వీణలు చేసే ఇళ్ళు చిన్నప్పట్నుంచి చూస్తున్నాను. అది 24 మెట్ల వాయిద్యం, మెట్లంటే తీగని నొక్కే చోట ఉండే అడ్డ పట్టీలు, ఆ మెట్లన్నీ మైనం మీద కూర్చుంటాయి, మేకులు ఉండవు. ఎండలో కారు డిక్కీలో పెట్టి తిప్పారనుకోండి మైనం మెత్తబడి మెట్టు ఒక్క పిసరు జరిగినా స్వరం తప్పుతుంది, అప్పుడు మళ్ళీ తెలిసినవాళ్ళ చేత కట్టించాల్సిందే. కాబట్టి రెండు వారాలకోసారి అటూ ఇటూ తిప్పుదాం అనే రాజీ మాత్రం చెయ్యొద్దు, చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది గానీ వీణ పాడవుతుంది. రాయగడ ప్యాసింజర్‌లో జనం మధ్య పట్టుకెళ్ళడం ఇంకా ప్రమాదం, వీణ చివర చెక్కిన యాళి (సింహం లాంటి జంతువు) తల దగ్గర దెబ్బ తగిలితే ఏకాండీ కదా, ఆ ముక్క తీసి ఇంకోటి బిగించడానికి ఉండదు.

రోజూ చెయ్యి పడే చోటే వీణ ఉండాలి. తాతగారి గుర్తు కావాలంటే గొల్లపల్లిలో బహుమతులకిచ్చే చిన్న వీణలు కూడా చేస్తారు, పనస చెక్కతోనే. ఆయనకి ఒకటి చేయించి ఇవ్వొచ్చు. కానీ ఇది పాప చేత ఇప్పించండి, మీరు ఇస్తే ఇంకోలా అర్థమవుతుంది.

శనివారం_నాన్న:

మేడం, నేను అవతలి వైపు మనిషిని, నా మాట కొంచెం కష్టంగా ఉంటే క్షమించండి. మా బాబు సైకిల్ నేనిలాగే నా దగ్గర ఉంచేసుకున్నాను. వాడి అమ్మ ఉండే అపార్ట్‌మెంట్‌లో తొక్కడానికి చోటు లేదు అని పైకి చెప్పేవాణ్ణి, అది నిజం కూడా, కానీ అసలు సంగతి ఏంటంటే ఆదివారం సాయంత్రం వాణ్ణి దింపి వచ్చాక ఇల్లు ఎలా ఉంటుందో చెప్పలేనండి. సైకిల్ వరండాలో ఉంటే వాడు మళ్ళీ వస్తాడు అని ధైర్యం. మీ ఆయనకి, సారీ, పాప నాన్నగారికి తండ్రి పోయి ఏడాది కూడా కాలేదు, పాప నెలకి నాలుగు రోజులే కనిపిస్తుంది. ఆ వీణలో ఆయనకి ఇద్దరూ ఉన్నారేమో. తప్పు ఆయనదే, నేను కాదనను, వీణ పాపది. లాయర్ నోటీసు మాత్రం పంపకండి, ఒకసారి నోటీసు చేతికొచ్చాక మా ఇద్దరి మధ్య మామూలు మాట అనేదే లేకుండా పోయింది, రెండేళ్ళు పట్టింది మళ్ళీ ఫోన్ ఎత్తడానికి.

ప్లీడరు_గుమాస్తా:

కోర్టు వద్దన్నారు కాబట్టి తెలియడం కోసమే చెప్తున్నా. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం కదిలే వస్తువుని బహుమతిగా ఇవ్వడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, చేతికి అందిస్తే చాలు, సెక్షన్ 123. తాతగారు పుట్టినరోజుకి ఇచ్చారు, పాప తీసుకుంది, మూడేళ్ళు వాయించింది. అంతటితో అది పాపదైపోయింది. మా నాన్న కొన్నాడు కాబట్టి నాది అని వారసుడిగా వెనక్కి అడగడానికి లేదు. ఆ లెక్కన అది మీదీ కాదండి, ఇది కూడా గుర్తుపెట్టుకోండి, మీరు పాప తరఫున చూసుకునే మనిషి అంతే.

హిందూ వివాహ చట్టంలో సెక్షన్ 27 అని ఒకటుంది, అందరూ దాన్నే పట్టుకుంటారు, కానీ అది పెళ్ళి సమయంలో వచ్చిన, ఇద్దరికీ చెందిన వస్తువుల గురించి, ఇక్కడ పనికిరాదు. సెక్షన్ 26 పిల్లల సంరక్షణ, పోషణ, చదువు గురించి, డిక్రీ, అంటే విడాకుల తీర్పు, అయ్యాక కూడా దాని కింద ఆర్డర్లు మార్పించుకోవచ్చు. సంగీతం కూడా చదువే అని వాదించొచ్చు, కానీ ఒక వీణ కోసం ఫ్యామిలీ కోర్టు మెట్లెక్కితే ఎన్ని వాయిదాలు తిరగాలో చూసినవాణ్ణి, అంతదాకా వెళ్ళకండి. ఇద్దరూ ఒక కాగితం మీద రాసుకోండి: వీణ పాపది, పాప ఎక్కడ సాధన చేస్తే అక్కడుంటుంది, ఫలానా రోజులకి నాన్న ఇంటికి వెళ్తుంది, రిపేరు ఖర్చు చెరి సగం. బిల్లు ఉంటే ఫొటో తీసి పెట్టుకోండి.

రెండిళ్ళ_పిల్ల:

ఆంటీ, మీ పోస్ట్ రెండుసార్లు చదివాను. మామగారు ఏమన్నారు, ఆయన ఏమన్నారు, మేడం ఏం ఇచ్చారు అన్నీ ఉన్నాయి, పాప ఏమంది అన్నది లేదు. "ఏం మాట్లాడదు" అని రాశారు. నేను కూడా మాట్లాడేదాన్ని కాదు. అమ్మ దగ్గర కావాలంటే నాన్న బాధపడతాడు, నాన్న దగ్గర ఉండనీ అంటే అమ్మ మొహం మాడిపోతుంది, కాబట్టి నాకేం వద్దు అనేదాన్ని, మా ఇంట్లో అది క్యారమ్ బోర్డ్. ఇప్పుడు నాకు 26, ఆ బోర్డు ఎక్కడుందో కూడా తెలీదు. పాపని ఒకసారి అడగండి ప్లీజ్, "నాన్నకి చెప్పు తెమ్మని" అని కాకుండా మామూలుగా అడగండి. అడిగి ఊరుకోండి, ఎంతసేపైనా.

విశాఖ_అమ్మ:

వారం తర్వాత రాస్తున్నా, అందరికీ థాంక్స్. ఆఖరి రిప్లై చదివి ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకంటే నేను నిజంగానే అడగలేదు. నిన్న రాత్రి తల దువ్వుతూ అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత చెప్పింది, తాతయ్య సంవత్సరీకం రోజు అక్కడ వాయిస్తానని నాన్నకి మాటిచ్చిందంట, వీణ తెచ్చేసుకుంటే మాట తప్పినట్టు అవుతుందని తెమ్మని అడగలేదంట, నాకు చెప్తే నేను నాన్నని తిడతానని చెప్పలేదంట. నెల రోజులు ఇదంతా అంత చిన్న మనసులో పెట్టుకుని తిరిగింది.

ఆయనకి ఫోన్ చేశాను. ఎవరిది ఎవరిది అని ఎత్తలేదు. సంవత్సరీకానికి బాగా వాయించాలంటే ఈ రెండు నెలలు దాని మీదే సాధన చెయ్యాలి, ఆ రోజుకి నేనే జాగ్రత్తగా పంపిస్తాను అన్నాను. కాసేపు ఏం అనలేదు. తర్వాత "రోజూ గుడ్డతో తుడుస్తున్నాను, తీగలు బిగించే బిరడాలు ముట్టుకోలేదు, శృతి పోయుంటుంది" అన్నారు. శనివారం పొద్దున్నే ఎండెక్కకముందు కారులో తెస్తానన్నారు. సంవత్సరీకం అయ్యాక మళ్ళీ ఇస్తారా అని అడగలేదు, అప్పుడు చూద్దాం. కాగితం సంగతి కూడా అప్పుడే.

బొబ్బిలి_వాస్తవ్యులు గారూ, ఒకటి అడగాలి, కారు వెనక సీటులో పెట్టేటప్పుడు వీణ పడుకోబెట్టాలా, పక్కకి ఒరిగించాలా, సొరకాయ బుర్ర తీసి విడిగా పెట్టాలా? తీగలు వదులు చెయ్యమని ఆయనకి చెప్పాలా? శుక్రవారం లోపు చెప్పగలిగితే ఆయనకి మెసేజ్ పెడతాను.